ధరయ్య మెట్లు దిగిన రోజు

మెరకపేటలో ఇళ్ల ధర ఒక మనిషి. ఆయన పేరు ధరయ్య. పేట నడిమధ్యన నూరు మెట్ల స్తంభం ఒకటి ఉండేది. ధరయ్య ఎన్నో మెట్టు మీద కూర్చుంటే పేటలో ఒక్కో ఇల్లు అన్ని లక్షలు. అక్కడ వేరే లెక్కంటూ లేదు.

ఆ స్తంభాన్ని మొదట్లో నీళ్ల ట్యాంకు కోసం కట్టారు. స్తంభం లేచింది, దాని చుట్టూ మెట్లు లేచాయి, పైన ట్యాంకు మాత్రం లేవలేదు. పేటకు నీళ్లు రాలేదు గానీ, ధర ఎక్కడానికి చోటు దొరికింది.

మెరకపేట పట్నానికి పదిమైళ్ల దూరం. ఒకప్పుడు అక్కడ వేరుశనగ చేలుండేవి. ధరయ్య ఆ చేలకు కాపలా మనిషి. చేలు ప్లాట్లు అయ్యాక ఆయనకు కాయడానికి ఏమీ మిగల్లేదు. వెళ్లి స్తంభం మొదటి మెట్టు మీద కూర్చున్నాడు. ఒక వేసవిలో ఉక్క భరించలేక నాలుగు మెట్లు పైకి జరిగాడు. ఆ వారమే ప్లాటు ధర నాలుగు లక్షలయింది. ఈ సంగతి ముందు ఎవరు కనిపెట్టారో తెలీదు. కనిపెట్టాక మాత్రం ఎవరూ ఊరుకోలేదు. ఇరవయ్యో మెట్టు మీద పరుపు వేసి రమ్మన్నారు. నలభయ్యో మెట్టు మీద రేడియో పెట్టి రమ్మన్నారు. తొంభయ్యో మెట్టు దగ్గర రేకుల గది కట్టి, ఫ్యాను బిగించి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. ఆయన ఎక్కుతున్నకొద్దీ కింద మేళం వాయించారు. తన మీద ఇంత గౌరవం ఎందుకో ధరయ్యకు అర్థం కాలేదు. అయినా గౌరవం చేదుగా ఉండదు కాబట్టి ఎక్కాడు. ఎక్కినవాడు పదకొండేళ్లుగా దిగలేదు.

ఈలోగా రోజులు మారాయి. పట్నంలో కంపెనీలు కొన్ని మూతబడ్డాయి. మూతబడనివి మనుషుల్ని తీసేశాయి. రెండేళ్లుగా మెరకపేటలో ఒక్క ఇల్లు అమ్ముడుపోలేదు. సగం ఇళ్ల తాళాలు తుప్పు పట్టాయి. వాకిళ్లలో వయ్యారిభామ మొక్కలు నడుమెత్తు పెరిగాయి. అయినా ధరయ్య తొంభయ్యో మెట్టు మీదే ఉన్నాడు. ఇళ్ల యజమానుల సంఘం ప్రతి ఆదివారం సమావేశమై, దిగకుండా ఉన్నందుకు ఆయన్ని అభినందిస్తూ తీర్మానం చేసేది.

"కొనేవాళ్లు లేకపోవడం తాత్కాలికం. ధర శాశ్వతం," అనేవాడు సంఘం అధ్యక్షుడు కోదండపాణి. ఆయనకు పేటలో పదకొండు ఇళ్లు. అన్నిటికీ తాళాలే.

పొద్దు వాలగానే సంఘం వాచ్‌మన్ తాళాల గుత్తి పట్టుకుని బయల్దేరి, ఖాళీ ఇళ్లలో ఒక్కో దీపం వెలిగించి వచ్చేవాడు. పైనుంచి చూస్తే పేటంతా కాపురాలతో కళకళలాడుతున్నట్టుండేది. చూడాల్సిన మనిషి పైనే ఉన్నాడు మరి.

అలాంటి పేటకు ఒక ఆదివారం నూకరత్నం, ఆమె మొగుడు గవర్రాజు ఇల్లు కొనుక్కుందామని వచ్చారు.

నూకరత్నం పట్నంలో ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి అమ్మేది. గవర్రాజు బస్సు డిపోలో మెకానిక్కు. వాళ్లకు పిల్లల్లేరు, ఒక పెద్ద గ్రైండరు ఉంది. ఆ గ్రైండరు వల్లనే పదేళ్లలో ఏడు అద్దె ఇళ్లు మారారు. తెల్లారుజామున అది తిరగడం మొదలుపెట్టగానే పై వాటావాళ్లో పక్క వాటావాళ్లో తలుపు కొట్టేవారు. ఇప్పుడున్న ఇంటావిడ తలుపు కూడా కొట్టలేదు. నేరుగా మీటరు దగ్గర ఫ్యూజు పీకేసి, "నెలాఖరుకి ఖాళీ చెయ్యండి," అంది. సగం రుబ్బిన పిండి పులిసి పొంగి గిన్నెలోంచి కారిపోతుంటే నూకరత్నం పీట మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

"ఇక అద్దిల్లు వద్దయ్యా. మన గోడ, మన ఫ్యూజు కావాలి," అంది ఆ రోజు.

దాచుకున్నదీ, బ్యాంకు ఇస్తానన్నదీ, మంగళసూత్రం పోను ఒంటిమీది బంగారమూ కలిపితే ముప్పై ఎనిమిది లక్షలు తేలింది. రోజులు బాగాలేవు కదా, ఊరి చివర ఇళ్లు చవగ్గా వస్తాయని గవర్రాజు అనుకున్నాడు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. తప్పల్లా ఆ మాట మెరకపేట గేటు దగ్గర పైకి అనడమే.

గేటు దగ్గర నిలబడ్డ బ్రోకరు వరహాలు చటుక్కున అటూ ఇటూ చూశాడు. "చవగ్గానా? మెల్లగా అనండి బావగారూ, పైకి వినబడుద్ది," అని స్తంభం వైపు చూసి దణ్ణం పెట్టాడు. "కొనేవాళ్లు కూడా దణ్ణం పెట్టుకోవాలండి. ఇక్కడ ఆచారం."

వాళ్లు దణ్ణం పెట్టారు. అంత ఎత్తున ధరయ్య చిన్న మూటలా కనబడ్డాడు.

వరహాలు మూడు ఇళ్లు చూపించాడు. మొదటి ఇంటి హాల్లో గవర్రాజు చేతులు చాచి ఒళ్లు విరుచుకోబోతే రెండు అరచేతులూ రెండు గోడలకూ ఆనాయి. "చూశారా, అన్నీ అందుబాటులోనే," అన్నాడు వరహాలు. రెండో ఇంట్లో కిటికీ తెరిస్తే జానెడు దూరంలో పక్కింటి గోడ. "ఎండ తగలదు, ఎవరి చూపూ తగలదు. కర్టెన్ల ఖర్చు మీకు మిగిలినట్టే కదండి." మూడో ఇల్లు కాస్త నయం. వెనక వరండా ఉంది, గ్రైండరుకు సరిపోతుంది. కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది.

"నీళ్లు రావా?" అంది నూకరత్నం.

"వస్తాయమ్మా. ట్యాంకు రాగానే వస్తాయి."

"ఎంత చెప్తున్నారు?"

"నేను చెప్పేదేముంది? తొంభై. మూడిళ్లూ తొంభయ్యే."

"ఈ గోడకి పగులుంది కదా?"

"పగులు గోడకమ్మా. ధరకు కాదు."

"రెండేళ్లుగా ఒక్క ఇల్లూ అమ్మలేదంట?"

"అమ్మకపోతేనేం, తగ్గించలేదు కదా!" అన్నాడు వరహాలు గర్వంగా. అతని చొక్కా కాలరు చిరిగిపోతే తిరగేసి కుట్టుకుని ఉంది.

వాళ్లు తిరిగి వెళ్తుంటే గేటు దగ్గర కోదండపాణి ఎదురయ్యాడు. నూకరత్నం సంచిలో పిండి ప్యాకెట్లు కనబడితే ఆగాడు. ఒక ప్యాకెట్టు చేతిలో పట్టుకుని బరువు చూశాడు.

"ఎంతమ్మా?"

"నలభై అండి."

"ముప్పై ఐదు చేసుకో. రోజులెలా ఉన్నాయో చూస్తున్నావు కదా. నువ్వు కూడా కాస్త దిగిరావాలి."

నూకరత్నం ఆయన ముఖంలోకి చూసింది. అందులో ఎక్కడా ఎగతాళి లేదు. ముప్పై ఐదుకే ఇచ్చింది.

ఆ ప్యాకెట్టే ఆమెకు దారి చేసింది. ధరయ్యకు వంట చేసి పైకి మోసే మనిషికి సంఘం ఆర్నెల్లుగా జీతం ఇవ్వలేకపోయేసరికి అతను మానేసి వెళ్లిపోయాడు. మెత్తటివి తప్ప ధరయ్య నమలలేడు. మర్నాడు కోదండపాణి కబురు పంపాడు. రోజూ పొద్దున్నే ఎనిమిది ఇడ్లీలు తొంభై మెట్లెక్కి పెద్దాయనకు ఇచ్చి రావాలి. జీతం ఉండదు. కానీ సంఘం వాళ్ల చుట్టాల ఇళ్లన్నిటికీ పిండి ఆమె దగ్గరే తీసుకుంటారు. ఒక్కటే షరతు.

"ఆయనతో కింది సంగతులు మాట్లాడకూడదు. వయసు మళ్లిన మనిషి, కంగారు పడతాడు. బాగున్నారా అను, బాగున్నానంటాడు, వచ్చెయ్."

మొదటిరోజు తొంభయ్యో మెట్టు చేరేసరికి నూకరత్నానికి ఊపిరి అందలేదు. గది గడప మీద ధరయ్య కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పీలగా, ఎముకల గూడులా ఉన్నాడు. మోకాళ్లు మాత్రం వాచి నున్నగా మెరుస్తున్నాయి. ఆమె ఆయాసం చూసి తన పక్కనున్న మంచినీళ్ల చెంబు ముందుకు తోశాడు.

"తాగు తల్లీ. నేనూ ఎక్కినప్పుడు ఇలాగే అయ్యాను. అప్పుడు మేళం వాయిస్తున్నారు కదా, ఆయాసం తెలీలేదు."

నూకరత్నం నీళ్లు తాగి, ఇడ్లీలు పెట్టి, "బాగున్నారా?" అంది.

"బాగున్నాను," అన్నాడు. తర్వాత కాసేపటికి, "మోకాళ్లు తప్ప," అన్నాడు.

నాలుగు రోజులు ఆ రెండు మాటలే జరిగాయి. అయిదో రోజు ఆమె నువ్వుల నూనె తీసుకెళ్లి మోకాళ్లకు రాసింది. ముసలాయన కళ్లు మూసుకున్నాడు. పదకొండేళ్లలో తనను ఒక మనిషి తాకడం ఆయనకు అదే మొదటిసారి.

"నేల తొక్కాలనుంది తల్లీ," అన్నాడు. "ఇక్కడంతా సిమెంటు. వాన పడ్డాక వేరుశనగ చేలో అరికాలు దిగబడేది చూడు, అలా ఒకసారి దిగబడాలనుంది. కానీ దిగలేను కదా. నేను లేచి నిలబడితేనే కింద కేకలు వేస్తారు. పాపం జనం ఇళ్ల కోసం కొట్టుకుంటున్నారట, నేను దిగితే తొక్కిసలాట అవుతుందట. కోదండపాణి చెప్పాడు."

నూకరత్నం నూనె చేతులు కొంగుకు తుడుచుకుంది. షరతు గుర్తొచ్చింది.

"ఎవరు కొట్టుకుంటున్నారు తాతా?"

"అదుగో, అన్ని ఇళ్లలోనూ దీపాలు కనబడతాయి కదా సాయంత్రం."

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే జాలేసింది. తర్వాత చెప్పేసింది. దీపాలు వాచ్‌మన్ వెలిగిస్తాడనీ, ఆ ఇళ్లలో బల్లులు తప్ప ఎవరూ లేరనీ, ఆయన పేరు చెప్పగానే వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతున్నారనీ, వాళ్లలో తనూ తన మొగుడూ ఉన్నారనీ చెప్పింది.

ధరయ్య చాలాసేపు కింద ఇళ్ల కప్పుల వైపు చూశాడు.

"అంటే నేను ఎవరికోసం కూర్చున్నట్టు?"

ఆమెకు ఇంకో మాట కూడా చెప్పాలనిపించింది. చెప్పకపోతే మోసం అవుతుందనిపించింది. "నువ్వు దిగితే నాకు లాభం తాతా. ముప్పై ఎనిమిదో మెట్టుకు వస్తే మేము ఇల్లు కొనుక్కోగలం. అందుకని నా మాట విని దిగకు. నీకు దిగాలని ఉంటేనే దిగు. దిగితే మాత్రం నేల మీదికి నా చెయ్యి పట్టుకునే రావాలి, మధ్యలో వదలను. మాటిస్తున్నాను."

ఆ మాట అన్నప్పుడు ఆమె నిజంగానే అంది.

తర్వాతి ఆదివారం సంఘం సమావేశం హాల్లో జరుగుతోంది. ధరయ్యను నూరో మెట్టుకు చేర్చి ఉత్సవం చెయ్యడం ఎలాగన్నది ఆ రోజు విషయం. పందిరి తూర్పున వేయాలా పడమర వేయాలా అని వాదన జరుగుతుండగా వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దాయన దిగుతున్నాడయ్యా!"

అందరూ బయటికి పరుగెత్తారు. ధరయ్య అప్పటికి ఎనభయ్యో మెట్టు మీద ఉన్నాడు. ఒక చెయ్యి నూకరత్నం భుజం మీద, ఒక చెయ్యి గోడ మీద. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఊపిరి పీల్చుకుని, తర్వాతి మెట్టు దిగుతున్నాడు. దిగిన ప్రతిసారీ ఆయన ముఖం విచ్చుకుంటోంది.

కోదండపాణి రెండేసి మెట్లు ఎక్కుతూ ఎదురెళ్లాడు. "అయ్యా, ఆగండి! ఏం లోటు చేశాం? ఏసీ పెట్టిస్తాం!"

"నాకు చల్లగాలి కాదయ్యా, మట్టి కావాలి," అన్నాడు ధరయ్య.

వెనక యజమానులు కూడా ఎక్కారు. ఎవరు కొన్న మెట్టు మీద వాళ్లు అడ్డంగా నిలబడ్డారు. డెబ్బై ఐదుకు కొన్న కాంట్రాక్టరు రెండు చేతులూ చాచి, "ఇది దాటితే నా శవం మీదుగా దాటాలి," అన్నాడు. ధరయ్య ఆయన చంక కిందుగా దాటాడు. అరవైకి కొన్న లెక్చరరు అంతవరకూ కిందనుంచి, "దిగనివ్వండి, సహజంగా జరిగేదే కదా," అంటున్నవాడు, తన మెట్టు రాగానే దాని మీద అడ్డంగా పడుకుని ఏడ్చాడు. నలభై అయిదుకు కొన్న మందుల షాపాయన మిగతావాళ్ల అవస్థ చూసి కడుపారా నవ్వుకున్నాడు. ఆ నవ్వు నలభై అయిదో మెట్టు దాకా సాగింది.

ముప్పై ఎనిమిదో మెట్టు మీదికి వచ్చేసరికి ధరయ్య మోకాళ్లు వణికాయి. "కాసేపు కూర్చుంటాను తల్లీ," అన్నాడు. ఆ కాసేపు అయిదు రోజులు అయింది. కాళ్లు నీరు పట్టి లేవలేకపోయాడు. నూకరత్నం అక్కడికే ఇడ్లీలు, నూనె తెచ్చింది.

ధరయ్య దిగాడన్న కబురు పట్నమంతా పాకింది. మర్నాటికల్లా గేటు బయట నాలుగైదు వందలమంది పోగయ్యారు. అందరి దగ్గరా డబ్బుంది, అందరికీ ఇల్లు కావాలి. వరహాలు ఆనందం పట్టలేక గేటు బార్లా తెరిచాడు. ఒక్కరూ లోపలికి రాలేదు.

"రండి బాబూ, ముప్పై ఎనిమిదే!"

"తొంభై నుంచి ముప్పై ఎనిమిదికి దిగినవాడు ముప్పై ఎనిమిది దగ్గర ఆగుతాడా? ఇంకా దిగుతాడు. ఆగుదాం," అన్నారు వాళ్లు. చాపలు పరుచుకుని కూర్చున్నారు.

తొంభై మీదున్నప్పుడు దణ్ణం పెట్టి వెళ్లిన జనమే ఇప్పుడు ఆయన్ని చూసి మూతి విరిచారు. "మనిషిలో పస లేదు," అన్నారొకరు. "ముందునుంచీ ఇంతే అయ్యుంటాడు," అన్నారింకొకరు.

గవర్రాజు కూడా ఆ చాపల మధ్య నిలబడి ఊగిసలాడాడు. "మనమూ ఆగుదామా రత్నం? ముప్పైకి వస్తాడేమో."

"ఎల్లుండి ఇల్లు ఖాళీ చెయ్యాలయ్యా. గ్రైండరు రోడ్డు మీద పెట్టుకుని ఆగుదామా?"

ఆ సాయంత్రం కోదండపాణి వాళ్లిద్దర్నీ సంఘం ఆఫీసు వెనక గుమ్మంలోంచి పిలిచాడు. ఉదయమే అదే ఆఫీసు ముందు గుమ్మంలో నిలబడి, ఒక్క ఇల్లు కూడా ఎవరూ తక్కువకు అమ్మకూడదని ఆయనే అందరిచేతా ప్రమాణం చేయించాడు.

"వరండా ఇల్లు నాదే," అన్నాడు గొంతు తగ్గించి. "ముప్పై ఎనిమిదికి రాయించుకోండి. రేపే. ఎవరికీ చెప్పకండి. ముఖ్యంగా మా సంఘం వాళ్లకి."

రిజిస్ట్రేషను అయిపోయింది. రాత్రికి గ్రైండరును ఆటో ట్రాలీ మీద తెచ్చి వరండాలో దించారు. తెల్లారి ఆమె మీట నొక్కింది. గ్రైండరు పెద్ద చప్పుడుతో తిరిగింది. ఆమె అలవాటు కొద్దీ తలుపు వైపు చూసింది. ఎవరూ కొట్టలేదు. పావుగంట అయినా కొట్టలేదు. గవర్రాజు పళ్లు తోముకుంటూ వచ్చి చూస్తే, ఆమె గ్రైండరు పక్కన కూర్చుని గోడను అరచేత్తో నిమురుతూ కళ్లు తుడుచుకుంటోంది.

"మనదేనయ్యా," అంది.

ఆ సంతోషం రెండు రోజులు ఉంది.

మూడో రోజు ధరయ్య కాళ్ల వాపు తగ్గింది. లేచి నిలబడి, ముప్పై ఏడో మెట్టు మీద పాదం పెట్టాడు. తర్వాత ముప్పై ఆరు. పిండి కోసం వచ్చిన మందుల షాపాయన భార్య గుమ్మంలోనే చెప్పింది, "మీ ఇల్లు ఇప్పుడు ముప్పై ఆరంట వదినా."

నూకరత్నం చేతిలో గరిటె ఆగింది. ఇల్లు అక్కడే ఉంది. గోడ అక్కడే ఉంది. పొద్దున్న ఉన్న కుళాయే, పొద్దున్న వచ్చిన గాలే వస్తోంది. అయినా ఇంట్లోంచి ఎవరో రెండు దూలాలు ఎత్తుకుపోయినట్టు అనిపించింది. సాయంత్రానికి ముప్పై మూడు అన్నారు. గేటు బయటి జనం ఆయన ఒక మెట్టు దిగినప్పుడల్లా సంతోషంగా చాపలు ఒక మూర వెనక్కి జరుపుకుంటున్నారు.

"అయిదు లక్షలు!" అన్నాడు గవర్రాజు. అన్నం కంచం ముందు కూర్చుని కలపడం మరిచిపోయాడు. "నాకు డిపోలో అయిదు లక్షలు రావాలంటే ఎన్నాళ్లు పడుతుందో తెలుసా? ఆ ముసలాయనకు అంత తొందరేంటి? మనం కొన్నాక దిగడమేంటి?"

"మనమే దింపాం కదయ్యా," అంది నూకరత్నం.

"దింపాం. కొనడానికి దింపాం. అమ్ముకోవడానికి కాదు."

ఆ మాటకు అర్థమేమిటో ఇద్దరూ కాసేపు ఆలోచించారు. అర్థం లేదు గానీ నిజంలా వినబడింది.

మర్నాడు పొద్దున్నే కోదండపాణి వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విప్పాడు. అంతకుముందు ఆమెను "ఏమ్మా" అనేవాడు.

"రత్నమ్మగారూ, మీరిప్పుడు సంఘం సభ్యులు. మనం మనం ఒకటి. నేను వెళ్తే ముసలాయన నా ముఖం చూడటం లేదు. మీ మాటంటే గురి. ఒక్కసారి చెప్పండి." లేచి వెళ్తూ పిండి ప్యాకెట్టు ఒకటి తీసుకుని, అడక్కుండానే నలభై రూపాయలు పెట్టాడు.

నూకరత్నం, గవర్రాజు స్తంభం దగ్గరికి వెళ్లేసరికి ధరయ్య ముప్పయ్యో మెట్టు మీద ఉన్నాడు. రాత్రి చిన్న జల్లు పడింది. కింద, స్తంభం మొదట్లో, సిమెంటు పగిలిన చోట తడిమన్ను కనబడుతోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు. ఆమెను చూసి చెయ్యి చాపాడు.

"వచ్చావా తల్లీ. నీ కోసమే ఆగాను. మధ్యలో వదలనన్నావు కదా. ఇంక ముప్పయ్యే. పద."

ఆమె చెయ్యి అందించలేదు. ఆయన పక్కన కూర్చుంది.

"తాతా, తొందరేం లేదు కదా. మట్టి ఎక్కడికీ పోదు."

"నేను పోతాను కదమ్మా."

"కింద జనం మంచివాళ్లు కాదు తాతా. నువ్వు దిగినకొద్దీ నవ్వుతున్నారు. అక్కడికి వెళ్తే నిన్ను తొక్కేస్తారు." అంటుంటే ఈ మాటలు తను ఎక్కడో విన్నట్టు ఆమెకు తోచింది. ఆగకుండా చెప్పుకుపోయింది. "మా వరండాకి ఎదురుగా, కాస్త పైన కూర్చో. రోజూ నేనే వస్తాను. ఇడ్లీ, నూనె అన్నీ తెస్తాను. నీకేం లోటు రానివ్వను."

ధరయ్య ఆమె వంక చూశాడు. కోపంగా చూసి ఉంటే ఆమెకు తేలికయ్యేది. ఆయన మామూలుగానే చూశాడు.

"ఇల్లు కొనుక్కున్నారా?" అన్నాడు.

ఆమె తలవంచుకుంది. "కొనుక్కున్నాం."

"ఎన్నో మెట్టు?"

"ముప్పై ఎనిమిది."

ముసలాయన తల ఊపాడు. తడిమన్ను వైపు ఇంకోసారి చూసి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేవబోయాడు. కాళ్లు పైకి లేవలేదు. దిగడానికి వచ్చినంత సత్తువ ఎక్కడానికి రాలేదు.

"నేను ఎక్కలేను తల్లీ," అన్నాడు. క్షమించమన్నట్టుగా అన్నాడు.

గవర్రాజు ముందుకొచ్చి, వెనక్కి తిరిగి వంగాడు. నూకరత్నం ధరయ్య చేతులు తీసి మొగుడి మెడ చుట్టూ వేసింది. జారకుండా తన కొంగుతో ఇద్దర్నీ కలిపి కట్టింది. గవర్రాజు ఎక్కడం మొదలుపెట్టాడు. ముసలాయన పాదాలు గాలిలో వేలాడుతున్నాయి. కింద యజమానులు ఒక్కొక్కరే పోగయ్యారు. ఎవరో మేళం కోసం పరుగెత్తారు. గేటు బయట జనం చప్పున లేచి చాపలు చుట్టేశారు. "అయ్యో, ఎక్కేస్తున్నాడు! రండి రండి!" అంటూ లోపలికి దూసుకొచ్చారు. వరహాలు చుట్టూ మూగారు.

ముప్పై ఎనిమిదో మెట్టు మీద గవర్రాజు ఆగాడు.

"ఇదే కదా మీది?" అన్నాడు ధరయ్య, అతని చెవి దగ్గర.

గవర్రాజు దించడానికి వంగబోతూ పెళ్లాం వంక చూశాడు. ఆమె వాళ్లిద్దర్నీ చూడటం లేదు. తల ఎత్తి పైమెట్ల వైపు చూస్తోంది.

"బరువుగా ఉన్నాడా?" అని అడిగింది.

"లేదు," అన్నాడు గవర్రాజు ఆశ్చర్యంగా. "అసలు బరువే లేడు."

"అయితే ఇంకో రెండు మెట్లు పద," అంది నూకరత్నం.